ఆంజనేయుడికి ఆనించిన గిటారు

ఉలి ముట్టుకోకుండా, సుత్తి ఎత్తకుండా, పట్టపగలు పెద్దమనుషులంతా చూస్తుండగా నేనొక దేవుడి విగ్రహాన్ని నిలువునా పగలగొట్టాను. ఆళ్లగడ్డలో ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. మీరు ఆ ఊరి శిల్పాల షెడ్ల దగ్గరికి వెళ్లి, నంద్యాల ఇనుపకొట్టు శెట్టి పంపాడని చెప్పి చూడండి. కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, ఆ తర్వాత మీ వీపున గిటారు సంచీ ఏమైనా వేలాడుతోందేమోనని మెల్లగా వెనక్కి వంగి చూస్తారు.

నిలువునా అన్నది కాస్త పెంచిన మాట. పగలగొట్టాను అన్నది కూడా, నిజం చెప్పాలంటే, పెంచిన మాటే. కానీ ఆ పొద్దు విగ్రహం పగిలిందని అక్కడున్న వాళ్లందరూ నమ్మారు, ఆ నమ్మకం మాత్రం అచ్చంగా నా చలవే. పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అది చాలదన్నట్టు, అరవై దాటిన పడుచు వయసులో, శబ్దాన్ని పెంచి బొంగురు చేసే డబ్బా ఒకటి కొన్నాను. ఆ జబ్బూ ఈ డబ్బా ఒకే షెడ్డు కిందికి చేరిన రోజు ఏమైందో చెబుతాను.

మాది నంద్యాలలో ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గొళ్లేలు, బోరు పైపులు అన్నీ అమ్ముతాం గానీ మా కొట్టుకు పేరు తెచ్చింది రాయి కోసే బ్లేడ్లు. ఆళ్లగడ్డ శిల్పులందరూ మా దగ్గరే కొంటారు. అందరూ కాదు లెండి, సగం మంది. ఆ సగంలో ఓబులాచారి నాకు ప్రాణస్నేహితుడు.

కొట్లో కూర్చున్నా నా మనసు మాత్రం గిటారు మీదే ఉండేది. పెళ్లికి ముందు ఒక ఆర్కెస్ట్రాలో వాయించాను. రాయలసీమలో మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటారు నాదేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. కనీసం మా వీధిలో మొదటిది, దానికి సాక్షులున్నారు.

బ్లేడ్ల కోసం బెంగళూరు వెళ్లినప్పుడు, పాత వాయిద్యాలు అమ్మే ఒక సందు కొట్లో ఆ డబ్బా కనబడింది. ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు దాన్ని. ఇటుకంత బరువు, నల్ల రంగు, పైన మూడు మీటలు, కాలితో తొక్కడానికి ఒక స్విచ్చి. ముందు వైపు చిన్న జాలీ కిటికీ. కరెంటు ఇచ్చి కాసేపు ఆగితే కిటికీలో నారింజ రంగు వెలుగు మెల్లగా రాజుకుంటుంది. లోపల నిజమైన గాజు వాల్వు ఉంది, పాతకాలం రేడియోల్లో ఉండేదే. ఆ వెలుగు చూడగానే నేను బ్లేడ్ల సంగతి మరిచిపోయాను.

కొట్టాయన దాని చరిత్ర చెప్పాడు. అందులో నేను చేర్చినది కొంత ఉంటుంది, ఏది ఎవరిదో ఇప్పుడు విడదీయలేను. పూర్వం గిటారు యాంప్లిఫయర్లన్నీ వాల్వుల మీదే నడిచేవట. తయారుచేసినవాళ్లు శుభ్రమైన శబ్దం కోసం తపించిపోయారు. వాయించేవాళ్లేమో, డ్రమ్ముల మోత మీదుగా వినబడాలని మీటను చివరిదాకా తిప్పారు. అంత బరువు మోయలేక వాల్వు మూలిగింది. స్వరం అంచులు నలిగి, చిరిగి, బొంగురుపోయి బయటికి వచ్చాయి. చేసినవాళ్లు తల పట్టుకుంటే వాయించినవాళ్లు ఎగిరి గంతేసి, ఇదే కావాలన్నారు. ఆ చిరుగు కూడా చాలక స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసుకున్న మహానుభావులున్నారట. ఎద్దుబండికి లారీ సరుకు ఎక్కించి, ఇరుసు మూలుగుతుంటే కళ్లు మూసుకుని తల ఊపడం అన్నమాట.

అయితే యాంపును అంత గట్టిగా పెడితే ఇరుగుపొరుగు బతకనియ్యరు. అందుకని ట్రాన్సిస్టర్లతో చిన్న డబ్బాలు వచ్చాయి. కాలితో తొక్కితే చాలు, తక్కువ మోతలోనే గొంతు జీరపోతుంది. చెవి నాజూకైన వాళ్లు మాత్రం పెదవి విరిచారు. వాల్వు మూలుగు వేరు, దీని మూలుగు వేరు అన్నారు. అప్పుడెవరో బుద్ధిమంతుడు అసలు వాల్వునే తీసుకొచ్చి కాలికింది డబ్బాలో కూర్చోబెట్టాడు. నేను కొన్నది ఆ రకం.

ఇక దాని గొంతు సంగతి. ఇక్కడ మాత్రం పెంచడం లేదు, నమ్మండి. తీగను మునివేలితో తాకితే శబ్దం తేటగా, కొంచెం వెచ్చగా వస్తుంది. అదే తీగను గట్టిగా మీటితే, పొయ్యి మీద బెల్లం పాకం ముదురుతున్నప్పుడు బుడగలు చిట్లుతాయే, ఆ చిక్కదనం వస్తుంది. పట్టిన స్వరాన్ని వదలదు. మట్టిరోడ్డు మీద బస్సు పోయాక దుమ్ము నిలబడినట్టు గాలిలో నిలబడి, తీరిగ్గా వాలుతుంది. వేలి బలాన్ని బట్టి గొంతు మార్చే యంత్రాన్ని నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి తెచ్చి మొదటిసారి వాయించినప్పుడు మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి మిక్సీలో చెంచా పడిందేమో చూసింది. మిక్సీ ఆపే ఉందని గమనించి, ఆ తర్వాత నా వైపు చూసింది. నేను చరిత్ర మొత్తం చెప్పాను. ఓపికగా విని, "బాగుండే పాటను చెడగొట్టేదానికి మిషన్ కొన్నావా?" అని అడిగింది. మరుసటి రోజు నుంచి నేను కొట్టు వెనకున్న గోడౌన్లో, బోరు పైపుల మధ్య సాధన చేశాను.

ఆ సాధనతో నాకు గొప్ప చెవి వచ్చేసిందని నాకు నేనే నిర్ధారించుకున్నాను. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ నా చెవి గురించి చెప్పేవాణ్ణి. బస్సు హారను విని డ్రైవరు ఏ ఊరివాడో చెప్పగలనన్నాను. బోరులో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో పైపు మోత విని చెబుతానన్నాను. మిగతావాళ్లు నవ్వి బ్లేడ్లు పట్టుకెళ్లేవారు. ఓబులాచారి మాత్రం నమ్మాడు. చెవి అంటే ఆయనకు భక్తి.

ఎందుకంటే శిల్పులకు కంటితో ఎంత పనుందో చెవితోనూ అంతే పనుంది. రాయి కొనేముందు సుత్తితో తట్టి వింటారు. గంటలాగా మోగితే లోపల ఏ లోపమూ లేనట్టు. బొంగురుగా, జీరగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు. పగులున్న రాయి దేవుడికి పనికిరాదు, మెట్టుకో అరుగుకో పోతుంది. చూశారా మరి. వాళ్ల ఇంట్లో తరతరాలుగా ఏ శబ్దం వినబడకూడదని మొక్కుకుంటారో, సరిగ్గా ఆ శబ్దం కోసం నేను బెంగళూరులో బేరమాడి వచ్చాను.

ఓబులాచారి ఇంట ఒక పద్ధతి ఉంది. విగ్రహమంతా పూర్తిచేసి, కళ్లు మాత్రం మిగిల్చి, తీసుకుపోయే ఊరివాళ్లను పిలుస్తారు. ఎవరి చేయి చెక్కిందో ఆ చేయే సుత్తి పట్టి, వాళ్లముందు విగ్రహాన్ని తట్టాలి. నాదం బాగుందని ఊరివాళ్లు అంటేనే కళ్లు తెరిచి బండెక్కిస్తారు.

ఆ ఏడు సుత్తి పట్టాల్సిన చేయి ఆచారిది కాదు, ఆయన కూతురు నాగలక్ష్మిది. ఆచారికి కుడిచేయి వణుకుతోంది. అప్పటిదాకా తండ్రి చెక్కిన విగ్రహాలకు పీఠాలు నునుపు చేస్తూ వచ్చిన నాగలక్ష్మి, ఆత్మకూరు దగ్గరి ఒక ఊరి గుడి కోసం మనిషెత్తు ఆంజనేయుణ్ణి మొదటి గీత నుంచి తానే చెక్కింది. ఈ సంగతి ఆ గుడి కమిటీ పెద్ద సుబ్బారెడ్డికి ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజే ఫోను చేసి, నాదం వినేదాకా మాట ఇయ్యనని, ఒకవేళ బాగున్నా కళ్లు మాత్రం ఆచారే తెరవాలని చెప్పేశాడట.

ఆచారి మా కొట్లో కూర్చుని ఇదంతా చెప్పాడు. విగ్రహం వెనక్కి తిరిగిందా, ఆ పిల్ల చేతికి మళ్లీ ఏ ఊరివాడూ రాయి ఇయ్యడు. తన చేయి చూస్తే ఇట్లా ఉంది. షెడ్డు మూసుకోవడమే.

"పిల్ల బతుకంతా ఆ ఒక్క సుత్తి దెబ్బ కాడ ఉండాది శెట్టీ," అన్నాడు. "నువ్వొచ్చి పక్కన నిలబడు. చెవుండే మనిషివి. నువ్వు బాగుందంటే రెడ్డి కూడా కాదనడు. అయినాక ఒక పాట వాయించు."

ఇంతటి బాధ్యత నా చెవి మీద పెట్టినందుకు నా ఛాతీ పొంగి చొక్కా గుండీ ఒకటి ఊడిపోయింది. ఊడలేదు గానీ, బిగుసుకుంది.

ఆ రోజు ఉగ్గాని, బజ్జీలు తిని, గిటారు, యాంపు, పెడల్ ఆటోలో వేసుకుని ఆళ్లగడ్డ చేరాను. కమిటీవాళ్లు ఇంకా రాలేదు. ఆంజనేయుడు షెడ్డు మధ్యలో, గోడకు కొంచెం ఎడంగా నిలబడి ఉన్నాడు. నల్లరాయి, నూనె పూసి నిగనిగలాడుతోంది. ముఖం చూస్తే, కళ్లు చెక్కకముందే నన్ను చూసి నవ్వుతున్నట్టుంది. ఆ నవ్వుకు కారణం నాకు తర్వాత తెలిసింది.

పాట దేవుడి వెనక నుంచి పుట్టినట్టు వస్తే గొప్పగా ఉంటుందని నా ఆలోచన. అందుకని యాంపును విగ్రహం వెనక, మూతి గోడవైపు తిప్పి పెట్టాను. పక్కన పెడల్. వాల్వు ముందుగా వేడెక్కాలి కాబట్టి రెంటికీ కరెంటు ఇచ్చి, మొదటి స్వరమే అదిరిపోవాలి కాబట్టి మీటలన్నీ చివరిదాకా తిప్పి, కాలి స్విచ్చి కూడా నొక్కి సిద్ధం చేశాను. ఇక గిటారు ఎక్కడ పెట్టాలి? స్టాండు ఇంట్లో మరిచిపోయాను. కింద అంతా రాతిపొడి, నీళ్లు. చుట్టూ చూస్తే స్వామివారి వీపు మీద తోక మెలిక తిరిగి ఉంది. ఆ మెలికలో గిటారు మెడ పెట్టి చూస్తే కొలతలు తీసి చెక్కినట్టు కూర్చుంది. నాగలక్ష్మి పనితనానికి మనసులోనే జోహార్లు చెప్పుకున్నాను. ఇంతలో ఎవరో వచ్చి విగ్రహం భుజాల మీదుగా పసుపు శాలువా కప్పి, బంతిపూల దండలు వేశారు. గిటారు, తీగలు, వైర్లు అన్నీ శాలువా చాటున మాయమైపోయాయి. నేను ముందుకొచ్చి, మెడలో కండువా సర్దుకుని, చెవులు శుభ్రంగా తుడుచుకుని నిలబడ్డాను.

సుబ్బారెడ్డి తన ఊరివాళ్లతో దిగాడు. మీసం పెద్దది, మాట తక్కువ. విగ్రహం చుట్టూ తిరగబోతే వెనక గోడ పక్క సందు ఇరుకు కాబట్టి ముందే ఆగాడు. అది నా అదృష్టమో దురదృష్టమో మీరే తేల్చండి. షెడ్లో మిషన్లు ఆపేశారు. పెద్ద ఫ్యాను ఒక్కటి తిరుగుతోంది. సాంబ్రాణి వేశారు. ఆచారి దండం పెట్టుకుని చిన్న సుత్తిని కూతురి చేతికి ఇచ్చాడు. ఆ పిల్ల కొంగు దోపుకుని, స్వామి ఛాతీ మీద ఒక్క దెబ్బ వేసింది.

గర్ర్ర్... అంది రాయి.

నిజానికి రాయి ఖంగుమనే ఉంటుంది. కానీ ఆ ఖంగు మీద ఇంకో శబ్దం ఎక్కి కూర్చుంది. ముసలి ఎద్దు గొంతు సవరించుకున్నట్టు, పగిలిన కుండను నేల మీద ఈడ్చినట్టు, బొంగురుగా, చాలాసేపు, ఆగకుండా మూలిగింది.

"ఏందప్పా ఆచారీ, ఆ సద్దు?" అన్నాడు సుబ్బారెడ్డి.

ఆచారి ముఖంలో నెత్తురు లేదు. మళ్లీ కొట్టమని కూతురికి సైగ చేశాడు. ఈసారి ఆమె భుజం మీద కొట్టింది, అదే మూలుగు. మోకాలి మీద కొట్టింది. అదే.

మీరు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు. రోజూ ఆ డబ్బాతో కాపురం చేసేవాడివి, దాని గొంతు నువ్వు గుర్తుపట్టలేదా అని. అయ్యా, నా గిటారు నేను వాయిస్తేనే మోగుతుందని నా నమ్మకం. అది నన్ను అడక్కుండా, సుత్తి దెబ్బకు రాయి అదిరితే, రాతిని ఆనుకుని తానూ అదిరి, పెడల్లో దూరి, యాంపులోంచి పలుకుతుందని కలలో కూడా అనుకోలేదు. పైగా ఆ క్షణంలో అందరూ నా వైపు తిరిగారు. పదిమంది నా వైపు చూస్తే నాకు మెదడు పనిచేయదు, నోరు పనిచేస్తుంది.

"శెట్టీ, నీ చెవి ఏమంటాది?" అన్నాడు ఆచారి. అడిగిన తీరులో, ఏం లేదని చెప్పవయ్యా అనే వేడుకోలు ఉంది.

నేను కళ్లు మూసుకున్నాను. విగ్రహం దగ్గరికి నడిచి, మోకాలికి చెవి ఆనించాను. మళ్లీ తట్టమన్నాను. తట్టారు. తల మెల్లగా ఊపాను. ఇంత చేశాక ఏమీ తెలియలేదని ఎలా చెప్పను?

"ఈడ," అన్నాను. "మోకాలికి లోపల. పైకి వెంట్రుకంత. లోపలికి పోయేకొద్దీ వెడల్పు."

అంతటితో ఆగానా? అక్కడున్న చాక్‌పీసు తీసి, మోకాలి మీద గుండ్రంగా గుర్తు కూడా పెట్టాను.

నాగలక్ష్మి ఏడవలేదు, అరవలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి మోకాలి మీద పోసింది. పగులుంటే రాయంతా ఆరినా పగులు గీత తడిగా మిగిలిపోతుంది, అది వాళ్ల పరీక్ష. నీళ్లు సమంగా ఆరిపోయాయి. గీత లేదు.

"సద్దు రాతిలోంచి వచ్చినట్టు లేదు మామా," అంది నాతో. "రాతి ఎనకాల నుంచి వచ్చినట్టుండాది."

అంత నాజూకైన చెవి నా ఎదురుగా నిలబడి నిజం చెబుతుంటే నేనేమన్నానో తెలుసా? "పగులెప్పుడూ ఎనక నుంచే పలుకుతాది పాపా, నీకింకా తెలీదు," అన్నాను. నవ్వండి, పరవాలేదు. నేను కూడా ఇప్పుడు నవ్వుతున్నాను, అప్పట్లో ఆ పిల్ల ముఖం చూసినవాడెవడూ నవ్వలేదు.

సుబ్బారెడ్డి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆడపిల్ల చెక్కిందని తెలిసినప్పుడే అనుమానపడ్డానని, ఉలి ఎక్కడో గట్టిగా పడి ఉంటుందని, తప్పు అడిగినవాడిదే గానీ చేసినవాళ్లది కాదని, మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాద తిట్టుకంటే ఎక్కువ తగిలింది. ఆచారి షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నాగలక్ష్మి సుత్తిని కింద పెట్టలేదు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను తిరగడం మెల్లమెల్లగా తగ్గి ఆగింది. నాగలక్ష్మికి ఏమనిపించిందో, వెళ్లబోతున్నవాళ్లను ఆగమనలేదు, బతిమాలలేదు, ఊరికే విగ్రహాన్ని ఒక్క దెబ్బ కొట్టింది.

ఖంగ్... అంది రాయి. తేటగా, చల్లగా, గుడిగంట లాగా.

సుబ్బారెడ్డి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. మళ్లీ కొట్టమన్నాడు. ఖంగ్. ఆయనే వచ్చి సుత్తి తీసుకుని కొట్టాడు. ఖంగ్. నేను గుండ్రంగా గుర్తుపెట్టిన మోకాలి మీద కొట్టాడు. అది అన్నిటికంటే బాగా మోగింది.

"ఏంది శెట్టీ ఇది?" అన్నాడు.

అప్పుడైనా తెలియదనవచ్చు కదా. "కొన్ని పగుళ్లు నీళ్లు తగిలితే మూసుకుంటాయి రెడ్డీ," అన్నాను. నా నోటిని అప్పుడే ఎవరైనా శాలువాతో కట్టేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. సుబ్బారెడ్డి సంతోషంగా మళ్లీ కొట్టాడు, ఖంగ్. ఊరివాళ్లలో ఒకాయన కొట్టాడు, ఖంగ్. అందరి ముఖాల్లో వెలుగు వచ్చింది. ఆచారి స్తంభాన్ని వదిలేశాడు. ఇంకొకాయన కొట్టాడు. ఈసారి ఖంగు చివర్లో, జలుబు మొదలయ్యే ముందు గొంతులో గరగర లాగా ఏదో పలికింది. ఆ తర్వాతి దెబ్బకు గరగర పెరిగింది. ఆ తర్వాతి దెబ్బకు ముసలి ఎద్దు తిరిగొచ్చింది.

మెల్లగా పక్కకు జరిగి శాలువా అంచు కింద నుంచి చూశాను. చీకట్లో చిన్న జాలీ కిటికీ. అందులో నారింజ రంగు వెలుగు, ఇప్పుడే రాజుకుంటూ.

పాతకాలం రేడియో ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లకు వివరించనక్కరలేదు. స్విచ్చి వేసి, ముఖం కడుక్కుని వస్తేగానీ వార్తలు వినబడేవి కావు. వాల్వు వేడెక్కాలి. కరెంటు పోయినప్పుడు పగులు మానింది. వచ్చాక, వాల్వు వేడెక్కేకొద్దీ పగులు పెరిగింది. ఆంజనేయుడి మోకాలి లోపల నేను వెంట్రుకంత అని కొలిచి, వెడల్పు చెప్పి, చాక్‌పీసుతో చుట్టిన పగులు, నా డబ్బాలో ఉంది.

ఆ క్షణంలో పెద్దమనిషి ఎవరైనా ఏం చేయాలి? చేతులు జోడించి, తప్పు నాదని చెప్పాలి. నాకూ ఆ ఆలోచన వచ్చింది. వచ్చి, పక్కన కూర్చుంది. దానికంటే ముందు ఇంకో ఆలోచన లేచింది. పెడల్ స్విచ్చిని ఎవరూ చూడకుండా కాలితో నొక్కేస్తే సరి, పగులు మాయమవుతుంది, నీళ్లకు మూసుకుందన్న నా మాట నిలుస్తుంది. శాలువా కిందికి కాలు చాపాను. బొటనవేలితో నొక్కాను. టిక్కుమంది.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ స్విచ్చి బొంగురును మాత్రమే తీసేస్తుంది. గిటారు అసలు గొంతు యాంపులోకి అట్లాగే పోతుంది.

సుబ్బారెడ్డి ఈసారి కోపంగా, ఛాతీ మీద గట్టిగా కొట్టాడు. ఖంగుమంది. దాని వెనకే ఆరు తీగలూ ఒక్కసారిగా, పందిట్లో ఆర్కెస్ట్రా మొదలయ్యే ముందు శ్రుతి చూసుకున్నట్టు, మెత్తగా ఝుమ్మన్నాయి.

విగ్రహం పాడింది.

ఊరివాళ్లు చేతులు జోడించారు. ఒక పెద్దాయన కర్పూరం వెతకడం మొదలుపెట్టాడు. సుబ్బారెడ్డి సుత్తిని కళ్లకద్దుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆచారి నోరు తెరిచి నిలబడ్డాడు. ఒప్పుకోవాల్సిన మాట పక్కన కూర్చుని నన్ను చూస్తూనే ఉంది. నేను దానికేసి చూడకుండా, అందరికంటే ముందు దండం పెట్టాను. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు, తగ్గించి చెప్పడం. సాష్టాంగపడ్డాను.

దండం పెట్టనిది నాగలక్ష్మి ఒక్కతే. ఫ్యాను వైపు చూసింది, విగ్రహం వైపు చూసింది, నేల మీద పడుకున్న నా వైపు చూసింది.

"నాయనా," అంది నెమ్మదిగా, "కరెంటు పోతే మానే పగులు, కరెంటు వస్తే పాడే రాయి. ఏడాదిగా చెక్కతాండా, ఈ రాయికి కరెంటు కావాలని నాకు యాడా తెలీలేదే."

గోడ పక్కన ప్లగ్గు దగ్గరికి వెళ్లి వైరు పట్టుకుంది. బావిలోంచి బొక్కెన తాడు అందుకున్నట్టు చేయి మార్చి చేయి అందుకుంటూ నడిచింది. వైరు శాలువా కిందికి పోయింది. ఆమె శాలువా ఎత్తింది. స్వామివారి తోక మెలికలో, రాజసంగా, ఎర్రగా, నా గిటారు.

లేచి, రాతిపొడి దులుపుకుని, తప్పు నాదే అన్నాను. పగులు నాకు వినబడలేదని, మోకాలు అన్నది ఊరికే నోటికొచ్చిందని, వాల్వు చూశాక కూడా దాచబోయానని, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆచారి నన్ను చూడలేదు. ఆయన కూతురు గిటారును తోకలోంచి జాగ్రత్తగా తీసి నా చేతికిచ్చి, చాక్‌పీసు గుర్తును కొంగుతో తుడిచి, మళ్లీ తట్టి చూడమని సుబ్బారెడ్డికి సైగ చేసింది. ఆయన ఫ్యాను తిరుగుతుండగానే తల నుంచి పాదం దాకా తట్టి విన్నాడు. ఎక్కడ కొట్టినా ఒకటే ఖంగు.

చాలాసేపటికి సుత్తిని ఆచారికి ఇవ్వబోయి ఆగాడు. తిప్పి నాగలక్ష్మి చేతిలో పెట్టాడు.

"నీళ్లు పోసి చూసినావు, వైరు పట్టుకోని పోయినావు. మేమంతా దండాలు పెట్టుకుంటాంటే నువ్వొక్కదానివే నీ రాతిని నమ్మినావు," అన్నాడు. "కండ్లు కూడా నువ్వే తెరువమ్మా."

ఆచారి అప్పుడు నా వైపు చూశాడు. ఏమంటాడోనని భయపడ్డాను. కండువాతో కళ్లొత్తుకున్నాడు. కానీ కూతురు అంత తేలిగ్గా వదలలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామా, తట్టి చూడకుండా దేన్నీ నమ్మగూడదని మా నాయన చెప్పినాడు. తలకాయ ఇట్లా వంచు."

వంచాను. ఇంకేం చేస్తాను? నా బట్టతల మీద వేలి కణుపుతో టకటకమని తట్టింది. ఊరివాళ్లంతా, నిజంగానే, చెవులు రిక్కించి విన్నారు.

"ఏముందమ్మా?" అన్నాడు సుబ్బారెడ్డి, మీసం దువ్వుకుంటూ. "పగులుండాదా?"

నాగలక్ష్మి ఇంకోసారి తట్టి, బాగా ఆలోచించి, తీర్పు చెప్పింది.

"పగులేం లేదు రెడ్డీ. బోలు."

షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. ఆచారి కూడా నవ్వాడు, అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం ఆమె స్వామికి కళ్లు తెరిచింది. బండి ఆత్మకూరు దారి పట్టింది. నన్ను వాయించమని ఎవరూ అడగలేదు, నేను కూడా గుర్తు చేయలేదు.

కాబట్టి నందికొట్కూరు నుంచి సున్నిపెంట దాకా ఉన్న సకల దేవతల సాక్షిగా, ఇనుపకొట్టు మెట్టు మీద నిలబడి, తలస్నానం చేసి మరీ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రాతి దేవుళ్లకు గానీ, కంచు దేవుళ్లకు గానీ, కూడళ్లలో చేయి చాపి నిలబడ్డ నాయకుల విగ్రహాలకు గానీ గిటారు ఆనించను. ఎక్కడైనా ఆనించక తప్పకపోతే నా తలకే ఆనిస్తాను. అది బోలని పదిమందిలో తేలిపోయింది కనుక, కొత్తగా పోయే పరువేమీ లేదు.